1 జీబీపీఎస్ పోర్టా, 100 ఎంబీపీఎస్ అన్‌మీటర్డా?

నల్లగొండలో వీడియో పాఠాల సైటు నడిపే మిత్రుడి దగ్గర డెడికేటెడ్ సర్వర్‌కు (పూర్తిగా మనకే అద్దెకిచ్చే కంప్యూటర్) రెండు కొటేషన్లున్నాయి. మొదటిది 1 జీబీపీఎస్ పోర్టు, నెలకు 10 టీబీ డేటా. పోర్టంటే తూము సైజు మాత్రమే. పూర్తిగా తెరిస్తే ఆ 10 టీబీ 22 గంటల్లో ఖాళీ, ఆపైన అదనపు బిల్లు. రెండోది 100 ఎంబీపీఎస్ అన్‌మీటర్డ్, అంటే డేటాకు పరిమితి లేదు. నెలంతా నిండుగా పారించినా 32 టీబీ చిల్లరే. లెక్కకు ఇదే ఎక్కువ. కానీ పరీక్ష ముందురోజు రాత్రి మిర్యాలగూడ, దేవరకొండ పిల్లలంతా ఒక్కసారే ఎగబడితే? మనిషికి 1 ఎంబీపీఎస్ చొప్పున వందమందితోనే సరి. పైగా చిన్నక్షరాల్లో 'షేర్డ్' అని ఉంది, అంటే తూమును వేరేవాళ్లతో పంచుకోవాలి, ఆ వందకూ గ్యారంటీ లేదు.

హార్డ్‌వేర్‌లో మాత్రం మొదటివాళ్లే మాయ చేశారు. '16 కోర్ల జియాన్' (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) అన్నారు. గట్టిగా అడిగితే ఈ5-2670 అని తేలింది. 2012 నాటి సరుకు, అసలు కోర్లు 8, ఒక్కో కోరు రెండుగా కనబడితే పదహారు థ్రెడ్లు. రెండోవాళ్లది కొత్త ప్రాసెసర్, వేగమైన ఎన్‌వీఎంఈ డిస్కు.

అయినా నా ఓటు మొదటిదానికే. తయారైన వీడియో ఫైళ్లు పంపడానికి పాత జియాన్ చాలు. 300 ఎంబీ పాఠాన్ని 10 టీబీలో 33 వేలసార్లు చూడొచ్చు, వాడికి అంతమంది లేరు. డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో తెలియడానికి స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) అడగాలి. ఏడాది డబ్బు ముందే కట్టొద్దు, ఒక్క నెలకు తీసుకుని రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ చూడమన్నా.