రైల్లో సైకిల్ తెచ్చుకునే సంచి: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఛారిటీ రైడ్లలో చాలావరకు ఒక ఊళ్లో మొదలై మరో ఊళ్లో ముగుస్తాయి. వంద కిలోమీటర్లు తొక్కి, విరాళాలిచ్చిన వాళ్లకు ఫోటోలు పంపి హమ్మయ్య అనుకునేసరికి, సైకిల్‌ని ఇంటికి చేర్చే పని మిగిలి ఉంటుంది. అందరూ ఒకే సాయంత్రం, ఒకే స్టేషన్‌కి వస్తారు. నా మొదటి రైడ్ తర్వాత మూడు రైళ్లు కళ్లముందే వెళ్లిపోయాయి. సైకిళ్లకిచ్చిన కాస్త చోటూ ముందే నిండిపోయింది. ఆ వారమే ఈ సంచి కొన్నాను.

ఇది పల్చటి నైలాన్ సంచి. మడిచి చుడితే నీళ్ల సీసా అంత అవుతుంది, సీసా పెట్టే స్టాండులోనే ఇమిడిపోతుంది. గట్టి పెట్టె ఎంత మంచిదైనా దాన్ని మోస్తూ రైడ్ చేయలేం కదా, నేను దీన్ని ఎంచుకున్నది అందుకే. జపాన్‌లో ఇలా సైకిల్ విప్పి సంచిలో పెట్టి రైలెక్కడాన్ని ‘రింకో’ అంటారు. అక్కడి ప్రధాన రైల్వే సంస్థల బృందమైన జేఆర్ రైళ్లలో, సంచి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 250 సెంటీమీటర్లు, బరువు 30 కిలోలు దాటకూడదు. సంచిలో ఉన్న సైకిల్‌ని మామూలు సామానుగా ఒప్పుకునే రైళ్లు ఇంకా ఉన్నాయి గానీ, అన్నీ ఒప్పుకోవు. టికెట్ తీసుకునే ముందే కనుక్కోండి.

మొదటిసారి రెండు చక్రాలూ విప్పి, ఫ్రేమును అలాగే సంచిలో నిలబెట్టాను. దారిలో ఎవరి పెట్టో దానికి ఆనింది. పైకి గీత కూడా పడలేదు. మర్నాడు పొద్దున తేలిక గేరు వైపు మారిస్తే వెనక టకటకమని చప్పుడు. వంగి చూస్తే, గొలుసును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగర్, లోపలికి ఒంగింది. అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి మార్చి ఉంటే డిరైలర్ తిన్నగా స్పోకుల్లోకి పోయేది. హ్యాంగర్‌ని కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు, ఫ్రేము విరగకుండా ముందు అదే ఒంగాలని. అప్పటి నుంచి వెనక చక్రం తీసిన చోట ఒక లోహపు బ్రాకెట్ బిగిస్తున్నాను. నేల తగిలినా దానికే తగులుతుంది. కొనేటప్పుడు మీ ఇరుసు కొలత చూసుకోండి. 130, 135, 142 మిల్లీమీటర్లని రకాలున్నాయి, ఒకదానిది ఇంకోదానికి సరిపోదు. నాలుగేళ్లలో హ్యాంగర్ మళ్లీ ఒంగలేదు.

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులుంటే (నూనె ఒత్తిడితో ప్యాడ్లు చక్రం మీది డిస్క్‌ని నొక్కేవి) ఇంకో జాగ్రత్త. చక్రం లేనప్పుడు పొరపాటున లివర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చేస్తాయి, ఇంటికెళ్లాక డిస్క్ దూరదు. నేను వాటి మధ్య మడిచిన అట్టముక్క పెడతాను. సీటు దించే ముందు దాని గొట్టానికి టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటాను. పెడళ్లు విప్పాల్సి వస్తే, ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని మర్చిపోకండి. అలిసిపోయిన చేతులతో తప్పు వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. మొదట్లో ఇదంతా కట్టడానికి నలభై నిమిషాలు పట్టేది. ఇప్పుడు పదిహేనులో అయిపోతుంది.

లోపాలు ఉన్నాయి. గుడ్డ పల్చన. పెడల్ దగ్గరి పళ్లచక్రం రాసుకుని రెండుచోట్ల చిరిగింది, లోపలి నుంచి టేపు అతికించాను. భుజానికేసుకునే పట్టీని సంచికి కాకుండా ఫ్రేముకే కట్టాలి, లేకపోతే కుట్లు ఊడతాయి. ప్లాట్‌ఫాం పొడవునా మోస్తే భుజం నొప్పి పుడుతుంది, బరువున్న సైకిల్ అయితే ఇది వద్దనే చెబుతాను. రైలెక్కాక తలుపుకి అడ్డం కాకుండా ఓ మూల నిలబెట్టి కడ్డీకి పట్టీతో కట్టేయండి. బ్రేకు పడితే పక్కవాళ్ల మీద పడకూడదు.

పోయినసారి రైడ్ అయ్యాక, కాలేజీ వయసు అమ్మాయి ఒకామె సైకిల్ పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడిపోయింది. ఆఖరి రైలు వచ్చే వేళ, నా దగ్గరున్నది ఒక్క సంచే. వచ్చే రైడ్‌కి వెనక జేబులో ఇంకోటి పెట్టుకెళ్తున్నాను.