పాత కంప్యూటరును దుప్పట్లో చుట్టుకుని: హనుమకొండ నుంచి సికింద్రాబాద్‌కు గ్రాఫిక్స్ కార్డు ప్రయాణం

మా ఇంట్లో ఉన్న కంప్యూటరు 2014లో కొన్నది. అందులో ఇంటెల్ ఐ5-4570 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. నాలుగేళ్ళ క్రితం ఎస్ఎస్‌డీ వేయించాక రోజువారీ పనులకు ఏ లోటూ లేదు. అయితే మా అక్క కొడుకు డిగ్రీ చదువు కోసం మా ఇంటికి వచ్చాక దాని మీద ఆటలు ఆడాలన్న కోరిక మాత్రం తీరలేదు. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన గ్రాఫిక్స్ మీద జీటీఏ 5 కూడా ఆగి ఆగి నడిచేది. కాలేజీ రోజుల నుంచి నాకూ ఆటలంటే ఇష్టమే కాబట్టి, 15,000 రూపాయలు దాటకుండా, ఆటల బొమ్మలను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేయిద్దామని ఇద్దరం అనుకున్నాం. ఈ ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుచేత ఈ యంత్రం మీద అంతకుమించి ఖర్చు పెట్టడం నాకు న్యాయంగా తోచలేదు.

ముందుగా హనుమకొండ చౌరస్తా దగ్గర రెండు దుకాణాలు తిరిగాం. మొదటి దుకాణంలో అప్పటికప్పుడు ఇవ్వడానికి ఉన్నది జీటీ 730 ఒక్కటే. డబ్బా మీద 4 జీబీ అని పెద్ద అక్షరాలతో ఉన్నా, అది డీడీఆర్3 అనే పాత, నెమ్మది రకం మెమరీ. ఆటలకు కావలసిన వేగం దాని వల్ల రాదు. తెలియనివారు ఆ 4 జీబీని చూసే మోసపోతారు కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. రెండో దుకాణం యజమాని మా మాట విని, కార్డు సంగతి పక్కన పెట్టి, రేపు క్యాబినెట్ (కంప్యూటరు పెట్టె) తీసుకురమ్మన్నారు. మరునాడు తీసుకువెళ్తే పక్క తలుపు విప్పి, పవర్ సప్లై మీది స్టిక్కర్‌ను టార్చి వెలుగులో చదివి వినిపించారు. పైన 450 వాట్లు అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో, ప్రాసెసర్‌కూ కార్డుకూ కరెంటు అందించే 12 వోల్టుల వరుసకు 14 ఆంపియర్లు అని ఉంది. అంటే 168 వాట్లు. ప్రాసెసర్ ఒక్కటే 84 వాట్లది, దానికి 120 వాట్ల కార్డు తోడైతే ఆ వరుస మోయలేదు. పైగా కార్డుకు తగిలించే 6 పిన్నుల తీగ కానీ 8 పిన్నుల తీగ కానీ అందులో లేదు. "సార్, మీరు కార్డు ఎక్కడన్న కొనుండ్రి, కానీ ఫస్టు దీన్ని మార్చుండ్రి. పాత డిస్కులకు పెట్టే మోలెక్స్ తీగకు కన్వర్టర్ పెట్టి నడిపిస్తమని ఎవరన్న అంటే నమ్మకుండ్రి" అన్నారు. ఆ సలహాకు ఆయన పైసా తీసుకోలేదు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అందిన అన్నింటికన్నా విలువైన సేవ ఇదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే ఆయన దగ్గర సెకండ్ హ్యాండ్ కార్డులు లేవు. కొత్తవి ఆర్డరు మీద తెప్పిస్తారు కానీ, ఒకసారి తెప్పించాక వెనక్కి పంపడం కుదరదు.

సికింద్రాబాద్ వెళ్ళాలని అనుకున్నది అందుకే. వెళ్ళే ముందు మా మదర్‌బోర్డు గురించి తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. హెచ్81 బోర్డుల్లో కార్డును గుచ్చే స్లాటు పీసీఐఈ అనే రకంలో రెండో తరానిది. పదహారు లేన్లనూ (సమాచారం నడిచే దారులను) వాడుకునే కార్డుకు అందులో సెకనుకు దాదాపు 8 జీబీ దారి దొరుకుతుంది, ఎనిమిది లేన్ల కార్డుకు 4 జీబీ, నాలుగు లేన్ల కార్డుకు 2 జీబీ మాత్రమే. 2022 జనవరిలో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ ధరలో అందుబాటుగా కనిపించినా నాలుగు లేన్లదే. దాని మెమరీ కూడా 4 జీబీయే కాబట్టి, అది నిండిన ప్రతిసారీ ఆ ఇరుకు దారిలోంచే సమాచారం రావాలి. కొత్త బోర్డులో మంచి కార్డు అనిపించుకున్నది మా పాత బోర్డులో బలం తగ్గి నడుస్తుంది. ఇంటెల్ వారి ఆర్క్ ఎ380 ధర కూడా ఆశ పెట్టింది, కానీ ప్రాసెసర్ కార్డు మెమరీనంతా ఒకేసారి అందుకునేలా చేసే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత బోర్డుల్లో ఇంటెల్ కార్డులు బాగా వెనకబడతాయి. కనుక దాన్నీ వదిలేశాం.

మేడారం జాతర ముగిసి బస్సులన్నీ మళ్ళీ మామూలు రూట్లలోకి వచ్చాక బయలుదేరాం. కార్డును దుకాణం వారి యంత్రంలో కాక మా బోర్డులోనే నడిపించి చూడాలని నా పట్టుదల. పాత బోర్డుతో కార్డుకు పొత్తు కుదరకపోతే ఇంటికి వచ్చాక ఎవరిని అడుగుతాం? అందుకని క్యాబినెట్‌ను పాత దుప్పట్లో చుట్టి, తాడు కట్టి, పెన్ డ్రైవ్‌లో ఎన్‌విడియా, ఏఎండీ డ్రైవర్లు రెండూ, కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్, కార్డును పూర్తి భారంతో నడిపి పరీక్షించే ఫర్‌మార్క్ వేసుకుని, కాజీపేటలో ఉదయం రైలెక్కాం. సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు. ముందుగా రిజర్వు చేసుకున్న సెకండ్ సిట్టింగ్ సీట్లు కావడంతో క్యాబినెట్ నిశ్చింతగా కాళ్ళ మధ్య నిలబడింది. జనరల్ పెట్టెలో అయితే జనగామ దాటేసరికే ఎవరి కాలో తగిలేది. స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్లో చాయ్ తాగి, ఆటోలో పార్క్‌లేన్ చేరాం. చేతిలో సామాను లేనివారికి సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి మెట్రోలో రెండో స్టేషనే పారడైజ్, అక్కడి నుంచి నడక దూరం.

పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే అంటారు. అంతస్తుల నిండా కంప్యూటరు దుకాణాలే. ఇరుకు నడవాల్లో డబ్బాలు మోసుకుపోయే కుర్రాళ్ళకు దారి ఇస్తూ నడవాలి. ఒకే వస్తువుకు నాలుగు దుకాణాల్లో నాలుగు ధరలు చెబుతారు, కాబట్టి మొదటి గంట అడగడానికే కేటాయించాలి. ధర అడిగేటప్పుడు 18 శాతం జీఎస్టీ బిల్లుతో కలిపి చెప్పమని ముందే అనాలి. బిల్లు లేని ధర తక్కువగా వినిపిస్తుంది కానీ వారంటీకి బిల్లే ఆధారం. మాకు చెప్పిన ధరల ప్రకారం కొత్త జీటీఎక్స్ 1650 పన్నెండు వేల పైన ఉంది. 75 వాట్లలో నడిచే ఆ కార్డుకు పదహారు లేన్లు ఉన్నా, 2019 నాటి బలానికి అంత ఇవ్వబుద్ధి కాలేదు. ఆర్టీఎక్స్ 3050 6 జీబీది నాకు నిజంగా నచ్చింది. 70 వాట్లే తీసుకుంటుంది, విడిగా తీగ అక్కర్లేదు, కొత్తది కాబట్టి వారంటీ ఉంటుంది. కానీ ధర పదహారు వేలు దాటింది. చేతిలో ఇంకో మూడు వేలు ఉన్నవారికి నేను దాన్నే సిఫారసు చేస్తాను. సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1060 కూడా చూపించారు. అది పాస్కల్ తరానిది, ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి కాబట్టి చేతిలోకి కూడా తీసుకోలేదు.

పొరపాటు నేను చేసింది ఇక్కడే. పవర్ సప్లైని మంచి దుకాణంలో, బిల్లుతో, 3,200కు కొన్నాం. 450 వాట్ల బ్రాంజ్ రకం, 12 వోల్టుల వరుస మీదే 36 ఆంపియర్లు, 8 పిన్నుల తీగతో సహా. దాన్ని వారే బిగించి ఇచ్చారు. ఆ ఉత్సాహంలో, పై అంతస్తులోని మరో దుకాణంలో 6,000కు ఆర్ఎక్స్ 580 8 జీబీ అంటే ఆగలేకపోయాను. వారు ఐదు నిమిషాలు తెర వెలిగించి చూపించారు. సాయంత్రమైందని, దుకాణం సర్దుకోవాలని తొందర పెట్టారు. నెల రోజుల టెస్టింగ్ వారంటీ అని చీటీ మీద రాయించుకుని బయటపడ్డాం.

ఆ రాత్రి ఎక్కడ ఉండాలన్నది కూడా కార్డే నిర్ణయించింది. స్టేషన్ దగ్గరి లాడ్జిలో గది 900, ఇరవై నాలుగు గంటల లెక్క. అయితే గదిలో రెండు పిన్నుల ప్లగ్గులే ఉన్నాయి, టీవీని గోడకు వెనక అందకుండా బిగించారు. పారడైజ్ వైపు సందులోని రెండో లాడ్జిలో 1,400, పైగా మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలి, వేడినీళ్ళు ఎనిమిదింటి వరకే. కానీ మూడు పిన్నుల ప్లగ్గు గట్టిగా ఉంది, టీవీకి పక్కవైపే హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంది. మేనేజరును అనుమతి అడిగితే, ఏమీ కాకుండా చూసుకోమని మాత్రం అన్నారు. కంప్యూటరు మోసుకుని వచ్చేవారు గది చూసేటప్పుడు మంచం కన్నా ముందు ఈ రెండూ చూసుకోవాలి.

బల్ల మీద దుప్పటి పరిచి, క్యాబినెట్‌ను పడుకోబెట్టి, టీవీకి తీగ కలిపాం. డ్రైవరు ఎక్కించి జీపీయూ-జడ్ తెరిచిన వెంటనే మా వాడు తెర మీద వేలు పెట్టి చూపించాడు. షేడర్ల (బొమ్మను లెక్కగట్టే చిన్న యూనిట్ల) సంఖ్య 2048. అసలైన ఆర్ఎక్స్ 580కి 2304 ఉండాలి. ఇది చైనా మార్కెట్ కోసం తగ్గించి అమ్మిన రకం. పేరు దాదాపు ఒకటే కాబట్టి డబ్బా చూసి చెప్పడం కష్టం. అంతటితో ఆగితే సరిపెట్టుకునేవాళ్ళమేమో, ఫర్‌మార్క్ నడిపిస్తే వేడి నిమిషానికి నిమిషానికి ఎక్కుతూ పోయింది. ఎడమ ఫ్యాను తిరుగుతున్నట్టే ఉన్నా గాలి రావడం లేదు. చెయ్యి దగ్గర పెడితే బేరింగు గరగరమనే శబ్దం వేలికి తెలిసింది. పన్నెండో నిమిషంలో 88 డిగ్రీలు చూపించి తెర నల్లబడింది. "మామా, ఇది మైనింగ్‌ల అరిగిపోయిన కార్డే" అన్నాడు వాడు. క్రిప్టో నాణేల కోసం రాత్రింబవళ్ళు నడిపిన కార్డని వాడి మాట. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వాడు దాచుకున్న స్కాలర్‌షిప్ డబ్బు కూడా అందులో కొంత ఉంది.

మరునాడు దుకాణం తెరవగానే వెళ్ళి, ఫోనులో తీసిన వీడియో చూపించాం. ముందు మార్చి ఇస్తామన్నారు, అదే రకం ఇంకొకటి తీశారు. వద్దని నిలబడితే, గంట తరువాత వెయ్యి రూపాయలు పట్టుకుని ఐదు వేలు చేతిలో పెట్టారు. చీటీ మీద టెస్టింగ్ వారంటీ అని ఉందే తప్ప డబ్బు వాపసు అన్న మాట లేదు. రాయించుకోవలసింది ఆ మాటనే.

రెండో అంతస్తులో మరొకరి దగ్గర జీటీఎక్స్ 1660 సూపర్ 9,000కు దొరికింది. 2019 అక్టోబరులో వచ్చిన కార్డు, 6 జీబీ జీడీడీఆర్6 మెమరీ, 125 వాట్లు, పదహారు లేన్లు పూర్తిగా వాడుకుంటుంది కాబట్టి మా పాత స్లాటులో కూడా పెద్దగా నష్టపోదు. పాస్కల్ తరువాతి ట్యూరింగ్ తరానిది కావడంతో డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. ఈసారి మా క్యాబినెట్‌ను కౌంటరు మీదే పెట్టించి, ఇరవై నిమిషాలు ఫర్‌మార్క్ నడిపించమని అడిగాను. ఆ దుకాణంలోని అమ్మాయి విసుక్కోకుండా స్టూలు వేసి కూర్చోమంది. 1408 షేడర్లు సరిగ్గా ఉన్నాయి, వేడి 71 దగ్గర నిలిచింది. స్క్రూల మీది సీళ్ళు కూడా ఎవరూ విప్పినట్టు లేవు. లాడ్జి వారు అప్పటిదాకా మా సంచులను కౌంటరు దగ్గర ఉచితంగా ఉంచారు. పన్నెండు గంటల నియమం మీద నాకున్న అసంతృప్తి దానితో చాలావరకు పోయింది.

తిరుగు ప్రయాణానికి రైలు టికెట్ దొరకక, ఉప్పల్ వరకు ఆటోలో వెళ్ళి, అక్కడ హనుమకొండ సూపర్ లగ్జరీ ఎక్కాం. బయలుదేరే ముందు కార్డును స్లాటులోంచి తీసి విడిగా డబ్బాలో పెట్టుకోవాలి. బిగించి ఉంచితే కుదుపులకు బరువైన కార్డు స్లాటును విరగ్గొట్టే ప్రమాదం ఉంది. బస్సు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది, కానీ క్యాబినెట్ కాళ్ళ మధ్య పెట్టుకుంటే మోకాళ్ళు కదిలే చోటు ఉండదు. సామానుతో అయితే రైలే మేలు.

ఇంటికి వచ్చాక ఇంకొక చిక్కు మిగిలే ఉంది. మా మానిటరుకు ఉన్నది వీజీఏ తీగ, కార్డుకు ఉన్నవి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టు. లాడ్జి టీవీలో బొమ్మ రావడంతో ఈ సంగతే మరిచిపోయాం. చౌరస్తా దుకాణం వారి దగ్గర 350కి కన్వర్టర్ కొని పెడితే తెర వెలిగింది. కార్డు 9,000, పవర్ సప్లై 3,200, పోగొట్టుకున్న వెయ్యి, ఈ కన్వర్టర్ కలిపి 13,550 అయింది. ప్రయాణం, బస, తిండి మరో మూడు వేలు. లెక్క బడ్జెట్ దాటింది. మొదటిరోజే ఇరవై నిమిషాలు పరీక్షించి ఉంటే ఆ వెయ్యి, లాడ్జి ఖర్చు రెండూ మిగిలేవి.

జీటీఏ 5 ఇప్పుడు పూర్తి హెచ్‌డీలో, హై సెట్టింగుల్లో ఏ తడబాటూ లేకుండా నడుస్తోంది. వాలరెంట్ వంటి ఆటల్లో మాత్రం కార్డు కన్నా నాలుగు కోర్ల ప్రాసెసరే ముందు అలిసిపోతోంది. ఇదే బోర్డులో సరిపోయే పాత ఐ7-4770 కోసం ఆ చౌరస్తా యజమానికే చెప్పి ఉంచాను. ఏప్రిల్ ఎండలు మొదలయ్యాక మా మేడ మీది గదిలో కార్డు 83 డిగ్రీలు తాకింది. కార్డును అదుపు చేసే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ పరిమితిని 80 శాతానికి తగ్గించి, క్యాబినెట్ ముందు భాగంలో ఒక ఫ్యాను వేశాం. ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలకు కూడా 75 దాటడం లేదు, మా వాడు ఆడేది మాత్రం రాత్రి పదింటి తరువాతే.