గగన్ సర్వీస్: రెండేళ్లుగా వాడుతున్న ఒక ఏటీఆర్ విమాన కెప్టెన్ మాట

"ముహూర్తం పది నలభై రెండుకండీ, అందుతామా?" అని ఆ పెద్దాయన విమానం మెట్లెక్కుతూ అడిగారు. శ్రావణమాసం. పెళ్లివారే ఇరవై మందికి పైగా ఉన్నారు. అందుతామనే చెప్పాను. తీరా ఆ చిన్న ఎయిర్‌పోర్ట్ దగ్గరికి చేరేసరికి మబ్బు నేలకి 400 అడుగుల ఎత్తులో దట్టంగా పరుచుకుని ఉంది. అక్కడ ఐఎల్ఎస్ లేదు, అంటే రన్‌వే దాకా దారీ ఎత్తూ రెండూ చూపే రేడియో కిరణం లేదు. ఎటు వైపు వెళ్లాలో మాత్రమే చూపే వీఓఆర్ అనే రేడియో స్టేషన్ ఒక్కటే దిక్కు. దాని లెక్కన రన్‌వే కనబడకుండా 600 అడుగుల కిందికి రాకూడదు. రెండుసార్లు ప్రయత్నించాం. రెండుసార్లూ అద్దం అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. చివరికి వేరే ఊరికి మళ్లించాం. ఆ పెద్దాయన దిగేటప్పుడు నన్ను ఒక్క మాటా అనలేదు. నా చెయ్యి పట్టుకుని ఓసారి నొక్కి వెళ్లిపోయారు.

ఆ రోజు కూడా పైనుంచి గగన్ సిగ్నల్ వస్తూనే ఉంది. దాన్ని అందుకునే రిసీవర్ మా విమానంలో లేదు. ఆ రన్‌వేకి గగన్‌తో దిగే ప్రొసీజర్ కూడా ఎవరూ తయారు చెయ్యలేదు.

గగన్ అంటే జీపీఎస్‌కి మన దేశం కట్టుకున్న తోడు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఇస్రో కలిసి 774 కోట్ల రూపాయలతో తయారు చేశాయి. జమ్మూ నుంచి తిరువనంతపురం దాకా, పోరుబందర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా 15 స్టేషన్లు జీపీఎస్ ఉపగ్రహాలను కనిపెట్టుకుని ఉంటాయి. వాటి లెక్కలన్నీ బెంగళూరు చేరతాయి. ఎంత తప్పు ఉంది, ఏ ఉపగ్రహాన్ని నమ్మకూడదు అనే సమాచారం అక్కడి నుంచి 36,000 కిలోమీటర్ల పైనున్న జీశాట్ ఉపగ్రహాలకు వెళ్లి, తిరిగి మా విమానానికి వస్తుంది. ఈ ఉపగ్రహాల లెక్కతోనే దారీ ఎత్తూ రెండూ చూసుకుంటూ దిగే పద్ధతిని ఎల్‌పీవీ అంటారు. ఆ దిగుడుకి సరిపడా ధ్రువీకరణ 2015 ఏప్రిల్‌లో దొరికింది. ఆ జులైలో ప్రారంభించిన విమానయాన మంత్రి మా విజయనగరం అశోక్ గజపతిరాజు గారే. మాది బొబ్బిలి కాబట్టి అది నాకు ఇంట్లో పండగలాంటి వార్త. కానీ దేశంలో తొలిసారి ఒక ఎయిర్‌లైన్ ఏటీఆర్‌ని దీంతో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దింపింది 2022 ఏప్రిల్ 28న. మధ్యలో ఏడేళ్లు పోయాయి.

ఇప్పుడు నేను నడిపే విమానంలో ఆ రిసీవర్ ఉంది. వాడుకలో ఎలా ఉంటుందో చెప్తాను. చార్టు మీద ఐదంకెల చానెల్ నంబర్ ఉంటుంది. దారి లెక్కలు చూసే ఎఫ్ఎంఎస్ కంప్యూటర్‌లో అప్రోచ్ (దిగే పద్ధతి) ఎంచుకున్నాక ఆ నంబర్‌ని ఇద్దరం పైకి చదివి సరిచూసుకుంటాం. కాసేపటికి తెర మీద ఎల్‌పీవీ అనే అక్షరాలు వస్తాయి. అక్కడి నుంచి కుడి ఎడమలకు ఒక గుర్తు, ఎత్తుకి ఒక గుర్తు, అచ్చం ఐఎల్ఎస్‌లాగే. ఒక్క తేడా ఉంది. వీఓఆర్ సూది వణుకుతుంది. ఐఎల్ఎస్ కిరణం కూడా యాంటెన్నా ముందు నుంచి ఏదైనా బండి వెళ్తే వంగుతుంది. ఇది కదలదు. మొన్న వర్షాకాలంలో ఒక పొద్దున్న మబ్బులోనే 300 అడుగులకి దిగొచ్చాం. పక్క సీట్లో భీమవరం కుర్రాడు. "సర్, లైట్స్!" అన్నాడు. తలెత్తి చూస్తే రన్‌వే లైట్ల వరుస ముక్కుకి సూటిగా ఉంది. కింద ఆ ఎయిర్‌పోర్ట్‌లో ఇందుకోసం పెట్టిన పరికరం ఒక్కటీ లేదు. అదే ఇందులో గొప్పతనం.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఎత్తుని బారోమీటర్‌తో లెక్కగట్టి దిగే పద్ధతిలో, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో వేసే అక్కడి గాలి ఒత్తిడి) అంకె తప్పు వేస్తే కిందికి దిగే దారి మొత్తం జరుగుతుంది. 2022 మేలో పారిస్ చార్లెస్ డి గాల్‌లో కంట్రోలర్ 1001కి బదులు 1011 అని తప్పు చెప్పడంతో ఒక జెట్, రన్‌వేకి ఇంకా దూరంగా ఉండగానే నేలకి ఆరడుగుల ఎత్తు దాకా వచ్చి తప్పించుకుంది. ఆ దర్యాప్తు వివరాలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాగే మే నెల ఎండల్లో విజయవాడలాంటి చోట గాలి పలచబడి ఆ దారి ఏటవాలు పెరుగుతుంది. ఎల్‌పీవీలో కిందికి దిగే దారి ఉపగ్రహాల లెక్క మీద నడుస్తుంది, ఎండకీ క్యూఎన్‌హెచ్‌కీ కదలదు. ఎక్కడ ఆగి నిర్ణయం తీసుకోవాలన్న ఎత్తు మాత్రం ఇప్పటికీ ఆల్టిమీటర్‌దే. కాబట్టి ఆ అంకెని రెండుసార్లు అడిగే అలవాటు మానుకోకూడదు.

లోటు ఎక్కడుందంటే మన నెత్తి మీదే. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. అందువల్ల అయనోస్ఫియర్, అంటే సిగ్నల్‌ని ఆలస్యం చేసే పై వాతావరణపు పొర, ఇక్కడ అమెరికా, యూరప్‌ల మీద ఉన్నంత నెమ్మదిగా ఉండదు. ముఖ్యంగా మార్చి, సెప్టెంబర్ చుట్టుపక్కల నెలల్లో పొద్దుగుంకాక అందులో బుడగలు లేస్తాయి, సిగ్నల్ మినుకుమినుకుమంటుంది. అక్కడి ఇలాంటి వ్యవస్థలు దాన్ని ఒకే పొరగా లెక్కించే పద్ధతి మనకి సరిపోలేదు. దేశమంతా రిసీవర్లు పెట్టి కొలిచి, ఇస్రో పలు పొరల మోడల్ తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఆ కొలతల్లో ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా వాళ్ల శ్రమ ఉందని ఎంతమందికి తెలుసో! అంత చేసినా లెక్కలోని అనుమానం నిలువునా 50 మీటర్లు దాటిందంటే రిసీవర్ ఎల్‌పీవీని వదిలేస్తుంది. అలా వదిలెయ్యడమే సరైన పని. నాకు అబద్ధం చెప్పకపోవడం కోసమే దీన్ని కట్టారు.

అందుకే రాబోయే మార్పు మిగతా దేశాల కంటే మనకి ఎక్కువ అవసరం. ఇప్పుడు వాడుతున్నది 1575.42 మెగాహెర్ట్‌జ్ ఒక్కటే. దానికి 1176.45 కూడా కలిపితే, అయనోస్ఫియర్ రెండింటినీ వేర్వేరుగా ఆలస్యం చేస్తుంది కాబట్టి ఆ తేడాలోంచి ఆలస్యం ఎంతో విమానమే తేల్చుకుంటుంది. బుడగల్లో సిగ్నల్ అసలు తెగిపోతే ఇది కూడా ఆదుకోదు. అప్పుడు యూరప్ వాళ్ల గెలీలియో లాంటి వేరే వ్యవస్థల ఉపగ్రహాలు కూడా లెక్కలో ఉంటే పని జరుగుతుంది. ఈ రెండిటికీ కలిపి అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో ప్రమాణాలు వచ్చేశాయి, యూరప్ ఆ దారిలోనే తన వ్యవస్థని మార్చుకుంటోంది. 2023 మేలో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో, జీపీఎస్‌లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ కూడా 1575.42 మీద పలకడం మొదలుపెట్టింది. అది గగన్‌తో కలిసి నా తెర మీదికి రావాలని నా కోరిక. ఈలోపు ఉపగ్రహాల వయసు కూడా చూడాలి. 2011లో ఎగిరిన జీశాట్-8ని 12 ఏళ్లు పనిచేసేలా కట్టారు. ఆ లెక్క ఎప్పుడో దాటిపోయింది.

నకిలీ సిగ్నళ్ల బెడద ఇంకోటి. 2025 నవంబర్‌లో ఢిల్లీ దగ్గర విమానాలకు ఇది ఎదురైందని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఉపగ్రహం తప్పు చేస్తే గగన్ పట్టుకుంటుంది కానీ, నేల మీద ఎవరో పుట్టించిన దొంగ సిగ్నల్ దాని 15 స్టేషన్లకు కనబడదు. సందేశం మీద ఇది అసలుదే అనే డిజిటల్ ముద్ర ఉండాలి. ఆ పని తొందరగా జరగాలి.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. సిగ్నల్‌కి అయిదూ ఇవ్వొచ్చు. తగ్గించిన ఒక్కటీ కింద మనం చెయ్యని పనికి. 2021 జులై తర్వాత రిజిస్టర్ అయ్యే విమానాల్లో గగన్ రిసీవర్ ఉండాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టింది. మరి అంతకుముందువి? మబ్బు పట్టే ప్రతి చిన్న ఊరి రన్‌వేకి, రెండు వైపులా, ఎల్‌పీవీ ప్రొసీజర్ ఎప్పుడు వస్తుంది?

పెళ్లివారిని దింపలేకపోయిన ఆ ఎయిర్‌పోర్ట్‌కి ఇంకా రాలేదు. ఈ శ్రావణంలో కూడా నా రోస్టర్‌లో ఆ ఊరుంది. ముహూర్తాలున్న రోజుల్లో ఇంకో అరగంట తిరగడానికి సరిపడా ఇంధనం అదనంగా వేయించుకుంటున్నాను.