తాళం ఎన్ని గంటలు? అద్దె ఫ్లాట్‌లో కుక్క మేలా, పిల్లి మేలా

కొత్తగా ఫ్లాట్ అద్దెకు తీసుకున్న స్నేహితులు కుక్కని తెచ్చుకోవాలా, పిల్లినా అని నెలకోసారైనా నన్ను అడుగుతారు. సగం మంది అప్పటికే లాబ్రడార్ పిల్ల ఫొటో ఫోన్‌లో పెట్టుకుని ఉంటారు, నా నోటితో ఊ అనిపించుకుంటే చాలు వాళ్లకి. నేను తిరిగి ఒక్కటే అడుగుతా: మీ ఇంటికి రోజూ ఎన్ని గంటలు తాళం పడుతుంది?

ఎందుకంటే మేం దెబ్బ తిన్నది అక్కడే. కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు మా దగ్గర ఒక దేశీ కుక్క ఉండేది. ఇద్దరం ఉద్యోగాలకి పోయేవాళ్లం, పొద్దున తొమ్మిదికి తాళం వేస్తే రాత్రి ఏడున్నరకి తీసేవాళ్లం. రెండు పూటలా అరగంట నడక, తిండికి లోటు లేదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది, అంతా బాగానే ఉందనుకున్నాం. ఆర్నెల్లయ్యాక పక్కింటి ఆంటీ ఫోన్‌లో రికార్డు చేసి వినిపించారు: మేం లిఫ్ట్ ఎక్కిన పది నిమిషాలకి మొదలైన ఏడుపు మధ్యాహ్నం దాకా ఆగలేదు. తలుపు అడుగున గోళ్లతో గీకి గీకి చెక్క లేపేసింది, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బులు అడ్వాన్సులో పట్టుకున్నారు కూడా. చివరికి తెనాలి దగ్గర మా అమ్మానాన్నల ఇంటికి పంపాం. రిటైరైన నాన్న రోజంతా ఇంట్లోనే ఉంటారు. అదే కుక్క, అదే తిండి, అక్కడ ఒక్క రోజు ఏడవలేదు.

కాబట్టి ఎనిమిది, పది గంటలు తాళం పడే ఇల్లయితే నా ఓటు పిల్లికే. పెద్ద కుక్క కూడా ఆరు నుంచి ఎనిమిది గంటలకి మించి ఆపుకోవడం కష్టం, రెండు నెలల కూనైతే రెండు మూడు గంటలే. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది కదా అంటారు, ఆ ఉద్యోగం ఎప్పుడు ఆఫీసుకి రమ్మంటుందో ఎవరికీ తెలీదు, రోజంతా మనిషి పక్కన పెరిగిన కుక్కకి ఆ మార్పు ఇంకా నరకం. కుక్కే కావాలనుకుంటే మొదటి వారం నుంచే అయిదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట అంటూ ఒంటరిగా ఉండటం అలవాటు చేయాలి. పిల్లి రోజులో పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రలోనే గడిపేస్తుంది, లిట్టర్ ట్రే (అది మలమూత్రాలకి పోయే మట్టి ట్రే) ఉంటే బయటికి తిప్పే పని లేదు. దానికీ ఆట కావాలి, సాయంత్రం రాగానే పావుగంట తాడు పట్టుకుని ఆడించకపోతే రాత్రి రెండింటికి మీ కాళ్ల మీద వేటాడుతుంది.

పిల్లితో వచ్చే అసలు టెన్షన్ బాల్కనీ. రెయిలింగ్ మీద వాలిన పావురం మీదికి ఎగిరితే అంతే. పై అంతస్తుల నుంచి పడినా చాలా పిల్లులు బతికే మాట నిజమే కానీ దవడ విరిగి, కాలు విరిగి, ఛాతీకి దెబ్బ తగిలి బతుకుతాయి. అందరూ కట్టించే నైలాన్ పావురాల నెట్ ఎండకి కొన్నాళ్లకి పెళుసెక్కుతుంది, పిల్లి కొరికితే తెగుతుంది కూడా. ఇన్విజిబుల్ గ్రిల్, అంటే సన్నటి స్టీలు తీగలది, గట్టిదే, తీగల మధ్య సందులో పిల్లికూన దూరగలదేమో కొలిచి చూసుకోండి. రెండింటికీ గోడకి డ్రిల్ వేయాలి కాబట్టి ముందే ఓనర్‌ని అడగాలి, లేదంటే బాల్కనీ తలుపు మూసే ఉంచాలి. నేను మా పిల్లి కోసం మెష్ తలుపు పెట్టించాను, బాల్కనీ మీద ఆశ వదులుకున్నాను. లిట్టర్ మట్టిని టాయిలెట్‌లో పోయకండి, ఉబ్బి పైపులు జామ్ అవుతాయి, ఆ బిల్లు మీదే. అయిదారు నెలలకల్లా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే మగపిల్లి గోడల మీద చిమ్మే మూత్రం వాసన పెయింటింగ్ వేయించినా ఒక పట్టాన పోదు.

ఇల్లు మారడం దగ్గర కుక్కదే పైచేయి. దానికి మనుషులే ఇల్లు, పిల్లికి చోటు ముఖ్యం. మేం నిజాంపేటకి మారినప్పుడు మా పిల్లిని పది రోజులు ఒకే గదిలో ఉంచి పాత దుప్పటి, పాత ట్రే పెట్టాక గానీ మంచం కింద నుంచి బయటికి రాలేదు. కుక్కపిల్లని తెచ్చేవాళ్లకి ఇంకో మాట: పాత అద్దెదారుల కుక్కకి పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) వచ్చి ఉంటే ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు. బ్లీచింగ్ నీళ్లతో కడిగాకే, టీకాలు పూర్తయిన పిల్లనే తేండి.

ఓనర్ శాకాహారి అయితే విషయం మారుతుంది. మాంసం వండొద్దనే ఇళ్లు చాలానే ఉన్నాయి. కుక్క అన్నం, పప్పు, కూరగాయలు, గుడ్డుతో సరిగ్గా కుదిర్చితే నెట్టుకొస్తుంది, డాక్టర్ని అడిగి. పిల్లి అలా కాదు, దానికి టారిన్ అనే పోషకం కావాలి, అది ముఖ్యంగా మాంసం, చేపల్లో ఉంటుంది, పెరుగన్నంతో పెంచితే కళ్లు పోతాయి, గుండె దెబ్బ తింటుంది. ప్యాకెట్ ఫుడ్ తెచ్చుకుంటే వండే గొడవ లేదు, కానీ ఓనర్ ఆంటీకి చేపల వాసన వస్తుందని మీకు తెలిసే ఉంటుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. అది అసోసియేషన్‌కి చూపించడానికి పనికొస్తుంది. ఓనర్ మాత్రం 11 నెలల అగ్రిమెంట్ రెన్యూ చేయనంటే చాలు, మీ వాదన అయిపోయినట్టే. అందుకే అగ్రిమెంట్‌లో 'ఒక పిల్లి' అని ఒక లైన్ రాయించండి. దాచిపెట్టి పెంచేవాళ్లు తెలుసు నాకు, ఓనర్ మెట్లెక్కుతున్నాడని విని పిల్లిని బాత్రూంలో దాచే బతుకు ఎందుకు చెప్పండి.

చేపలు? అక్వేరియం బాగుంటుంది, ఊరెళ్తే మోటారుకి కరెంటు పోతుందేమోనన్న భయం తప్ప. రామచిలుక వద్దు, మన చిలుకల్ని పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, తాతల కాలం నుంచి పెంచుతున్నామన్నా సరే.

ఇంట్లో అత్తగారో నాన్నగారో పగలంతా ఉండేవాళ్లయితే కుక్కే తెచ్చుకోండి. అయితే కూన బదులు, ఎవరైనా దత్తతకిచ్చే రెండేళ్ల దేశీ కుక్కని. చెప్పులు కొరికే వయసు దాటింది, ఎంత పెరుగుతుందో కళ్లముందే ఉంది, మన ఎండలు దానికి కొత్త కాదు.