చిన్న గదా, పెద్ద హాలా? మైకు దగ్గరగా పెట్టినా తేడా ఉంటుందా?

"మైకు వాద్యానికి అడుగు దూరంలోనే పెడతాం కదా, ఇక గది ఎంతుంటే ఏంటి?" ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మొన్న అదే గిటార్, అదే మైకు, అదే 30 సెంటీమీటర్ల దూరంతో ఒకసారి పడగ్గదిలో, ఒకసారి హాల్లో రికార్డు చేశాను. ఆ తర్వాత పడగ్గది వైపు మళ్లీ పోలేదు.

నా దృష్టిలో తేల్చేది గది వైశాల్యం కాదు, దగ్గర్లో ఉన్న గోడ ఎంత దూరమన్నది. పడగ్గదిలో పక్క గోడ మీటరు దూరం. దాన్ని తగిలి మైకుకు చేరాలంటే శబ్దం 2 మీటర్లు తిరగాలి. గోడ ఏమీ పీల్చుకోదనుకుంటే, నేరుగా వచ్చినదానికంటే 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా, 16 డెసిబెల్స్ తక్కువగా వస్తుంది. హాల్లో గోడ 4 మీటర్లు. అక్కడ ఆలస్యం 22 మిల్లీసెకన్లు, తగ్గుదల 28 డెసిబెల్స్. 5 మిల్లీసెకన్ల ప్రతిధ్వనిని చెవి విడిగా పట్టుకోదు. కొన్ని స్వరాలు ఉబ్బి, కొన్ని నీరసించి, వాద్యాన్నే డబ్బాలో పెట్టి వాయించినట్టు ఉంటుంది. పైగా చిన్న గదిలో ఇలాంటివి అన్ని గోడల నుంచీ ఒకేసారి వచ్చిపడతాయి. ఈక్యూ (హెచ్చు, తగ్గు స్థాయిలను సర్దే మీట) ఎంత తిప్పినా పూర్తిగా పోవు.

హాల్లోనూ నేల మాత్రం అంతే దూరం. తివాచీ పరచాల్సిందే.

ఇక బేస్, అంటే కింది స్థాయి స్వరాలు. 3 మీటర్ల గోడల మధ్య 57 హెర్ట్జ్, దాని రెట్టింపు 114 దగ్గర గది తానే మోగుతుంది. గిటార్ ఐదో తీగ 110. నా పడగ్గదిలో నట్టనడుమ కూర్చుని ఆ తీగ మీటితే "బుం" అని సాగేది, పక్క తీగలు మామూలుగా పలికేవి. నడుమ 57 బలహీనపడుతుంది కానీ 114 బలంగా ఉంటుంది మరి. కుర్చీని ఓ అర మీటరు గోడవైపు జరిపితే చాలావరకు సర్దుకుంది. మీకు చిన్న గదే దిక్కయితే మొదట చేయాల్సిన పని ఇదే, ఖర్చు లేనిది. గోడలకు పలుచటి ఫోమ్ అంటించడం దండగ. అది పైస్థాయి మెరుపును మింగేసి, బుంకారాన్ని అలాగే వదిలేస్తుంది. రాక్‌వుల్ (రాతినార పలక) లాంటిది కనీసం 10 సెంటీమీటర్ల మందం, వెనక కాస్త ఖాళీతో ఉండాలి.

చిన్న గదికి న్యాయంగా ఒక మాట. ఎలక్ట్రిక్ గిటార్ యాంప్ స్పీకరుకు మైకును 3 సెంటీమీటర్లలో ఆనిస్తే గది దాదాపు లెక్కలోకి రాదు. అలాంటప్పుడు హాలు కోసం తంటాలు పడక్కర్లేదు. అలాగని వయొలిన్‌కూ, అకూస్టిక్ గిటార్‌కూ అంత దగ్గరికి పోతే వాద్యంలో ఒక ముక్కే వినిపిస్తుంది, మొత్తం కాదు.

హాలుకు ఇబ్బందులు లేకపోలేదు. ఫ్యాను, వీధి చప్పుడు, రికార్డింగుకు కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించే సాధనం) వేయగానే ప్రతి మీటు తర్వాత పైకి తేలే గది తోక, అంటే గదిలో కాసేపు మిగిలే మోత. ఫ్యాను ఆపొచ్చు, రాత్రిపూట రికార్డు చేయొచ్చు. దగ్గరి గోడను జరపలేం.

బట్టల అలమరాలో రికార్డు చేయడమా? గొంతుకైతే సరే, వాద్యానికి వద్దు.