స్ట్రావాకెక్కని పరుగు: చేత్తో రాయాలా, ఫైల్ ఎక్కించాలా?

పరుగైతే తీశారు, పరుగులు నమోదు చేసే యాప్ స్ట్రావాలో మాత్రం లేదు. ఇప్పుడు రెండు దారులు.

శ్రమ: చేత్తో రాయడం నిమిషం పని. తేదీ, దూరం, సమయం కొడితే సరి. ఫైల్‌కి కాస్త ఓపిక కావాలి: వాచీ కంపెనీ ఖాతాలోంచి పరుగు రికార్డును ఫిట్ గానీ జీపీఎక్స్ గానీ (ఇవి ఫైల్ రకాలు) దించుకుని, బ్రౌజర్‌లో స్ట్రావా తెరిచి ఎక్కించాలి.

ఖర్చు: రెండూ ఉచితమే.

ఫలితం: అసలు తేడా ఇక్కడే. చేత్తో రాసినదానికి మ్యాప్ రాదు, సెగ్మెంట్లలో (రన్నర్ల సమయాలను పోల్చే దారి ముక్కల్లో) చోటు దక్కదు; మొత్తం కిలోమీటర్లలో మాత్రం కలుస్తుంది. 5 కి.మీ.కి 32:10 అని రాస్తే సగటు పేస్ (కిలోమీటరుకు పట్టిన సమయం) 6:26 అని చూపిస్తుంది, అంతే. మూడో కిలోమీటరులో ఎక్కడ చతికిలబడ్డారో చెప్పదు. ఫైలయితే స్ప్లిట్లతో (ఒక్కో కిలోమీటరు సమయంతో) సహా బయటపెడుతుంది. వాచీ కొలిచి ఉంటే గుండె వేగం కూడా.

రిస్క్: చేయి 4.7ని 5 చేసేస్తుంది, అందరిదీ అదే చేయి! ఫైల్‌కి ఆ మొహమాటం లేదు. కాకపోతే సమయం నమోదు కాని జీపీఎక్స్ పనికిరాదు.

వాచీలో నమోదు కాని ట్రెడ్‌మిల్ పరుగుకీ, వాచీ ఇంట్లో మరిచిన రోజుకీ చేత్తో రాయడమే గతి. పరుగు వాచీలో భద్రంగా ఉండి స్ట్రావాకి సింక్ మాత్రమే కాకపోతే (చేరకపోతే) ఫైలే మేలు. తొందరపడి ముందే రాసేసి ఉంటే ఆ ఎంట్రీ తీసేయండి, లేదంటే కిలోమీటర్లు రెండుసార్లు పడతాయి.