అనంతపురంలో ఆలుమగల మాటల క్లాసు: అభ్యాసానికి నాలుగు మార్కులు, ఉపన్యాసానికి ఒకటి

అనంతపురంలో ఒక కౌన్సెలింగ్ సెంటరు ఆదివారాలు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నడిపే క్లాసు ఇది. జంటకు 600 రూపాయలు, మధ్యలో ఉగ్గాని, బజ్జీ. గంటంబావు ఉపన్యాసం, మిగతాదంతా అభ్యాసం. డబ్బు గిట్టేది ఆ రెండో భాగంలోనే.

ఒకరు మూడు నిమిషాలు మాట్లాడాలి. రెండోవాళ్లు మధ్యలో అందుకోకూడదు, సలహా ఇవ్వకూడదు. అయ్యాక విన్నది సొంత మాటల్లో ఒక్క ముక్కలో చెప్పి, "ఇంతేనా, ఇంకేమన్నా ఉందా?" అని అడగాలి. అవతలివాళ్లు సరే అన్నాకే తమ వంతు. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ నోరు కట్టుకోవడం కష్టం. భార్య "అమ్మకు మోకాళ్లు శానా నొస్తాండాయంట" అంటుంది. భర్తకు "డాక్టరుకు చూపిచ్చుకోమను" అన్న మాట నాలిక మీదే ఉంటుంది. అందులో తప్పేం లేదు, కాకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది. నాలుగు రోజులు పుట్టింటికి పోయి రావాలనుందన్న అసలు సంగతి రెండో నిమిషం దాటితే గానీ బయటికి రాదు.

చెడేది ఎక్కువగా తిరిగి చెప్పే దగ్గరే. అన్న మాటే అన్నట్టు అప్పజెప్తే ఎగతాళి చేసినట్టుంటుంది. ట్రైనరు దీన్ని అప్పటికప్పుడే పట్టుకుని సరిదిద్దుతారు, అది మెచ్చుకోవాలి. కుర్చీలు మాత్రం మోకాలికి మోకాలు తగిలేలా ఎదురెదురుగా వేస్తారు. మగవాళ్లు పక్కపక్కన కూర్చుని, ఆడవాళ్లు ముఖాముఖి మాట్లాడుకుంటారని భాషావేత్త డెబొరా టానెన్ 1990లోనే రాశారు. కుర్చీలు కాస్త ఏటవాలుగా తిప్పితే ఇద్దరికీ సుఖం.

అన్నిట్లోకీ పదునైనది "ఊఁ" మీద చెప్పే పావుగంట. ఆమె ఊఁ కొడితే వింటున్నానని, ఆయన ఊఁ అంటే ఒప్పుకున్నానని. అందుకే ఆమె అన్నిటికీ సరేనందని ఆయన, ఆయన చెవికెక్కించుకోలేదని ఆమె అనుకుంటారు. 1982లో మాల్ట్జ్, బోర్కర్ అనే మానవశాస్త్రవేత్తలు చేసిన ప్రతిపాదన ఇది. మాటలు రికార్డు చేసి, లెక్కపెట్టి తేల్చింది కాదు. ఆ ముక్క కూడా చెప్పాల్సింది.

ఇక ఉపన్యాసం. "ఆడవాళ్లు రోజుకు 20 వేల మాటలు, మగవాళ్లు 7 వేలు" అన్న స్లైడుకు నవ్వులు బాగానే పడతాయి, లెక్కే తప్పు. 2007లో అచ్చయిన అధ్యయనంలో 396 మంది విద్యార్థులకు రికార్డర్లు తగిలించి చూస్తే ఇద్దరివీ సుమారు 16 వేలే. 2025లో రెండువేల పైచిలుకు మందితో మళ్లీ చూసినప్పుడు 25 నుంచి 64 ఏళ్లవాళ్లలో ఆడవాళ్లవి 3 వేలు ఎక్కువ తేలాయి. మూడింతలు ఎక్కడా లేదు. ఆ స్లైడు పోయిన పది నిమిషాలకు, ప్రశ్నల సమయంలో మైకు ఎవరి చేతిలో తిరుగుతుందో చూడాలి! అంతా మగవాళ్లే. నలుగురిలో వాళ్లే ఎక్కువ మాట్లాడతారని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఒకసారి అటు, ఒకసారి ఇటు మైకు ఇస్తే సరిపోయేది.

అత్తామామలతో కలిసున్న ఇంట్లో ఆ మూడు నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో క్లాసులో చెప్పరు. అన్నాలయ్యాక ఫోన్లు కిందే పెట్టి మిద్దె ఎక్కడమే మార్గం. మొదటి వారం డబ్బు, పొలం, తోడబుట్టినవాళ్ల సంగతులు ఎత్తొద్దు. పిల్లల స్కూలు ఆటో ఆలస్యం లాంటివాటితో మొదలుపెట్టండి.